ఆర్‌సీ మాన్‌స్టర్ ట్రక్కుకు మోటారు, గేర్లు ఎలా ఎంచుకోవాలి?

విడిభాగాలు కొని ఆర్‌సీ మాన్‌స్టర్ ట్రక్కును (రిమోట్‌తో నడిచే, పెద్ద టైర్ల చిన్న ట్రక్కును) సొంతంగా కూర్చుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మోటారు కొనాలి, పినియన్‌కు ఎన్ని పళ్లుండాలి?" పినియన్ అంటే మోటారు ఇరుసుకు బిగించే చిన్న గేరు; అది తిప్పే పెద్ద గేరు స్పర్. అడిగేవారిలో చాలామంది మోటారు పేరు, దాని ధర, అది ఎంత వేగం ఇస్తుందని ప్రకటనలో రాశారో చెబుతారు కానీ తమ టైరు వ్యాసం ఎంతో, బండి బరువెంతో చెప్పరు. ఆ రెండూ తెలియకుండా ఇచ్చే సలహా ఏదైనా ఊహే. అందువల్ల ఇక్కడ మోటారు నాలుగో మెట్టులో గాని రాదు. పినియన్ విషయంలో చివరి మాట థర్మామీటరుది.

ఉదాహరణకు 1:10 స్కేలులో, అంటే అసలు బండిలో పదో వంతు పరిమాణంలో, వెనుక చక్రాలతో మాత్రమే నడిచే ట్రక్సాస్ స్టాంపీడ్ వంటి బండిని తీసుకున్నాను. దాని మాగ్నం 272 గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి స్పర్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) 2.72, ఆ అంకె పేరులోనే ఉంది. మీ బండి వేరేదైనా లెక్క ఇదే, అంకెలు మాత్రమే మారతాయి.

కావలసినవి

- అంగుళాల టేపు లేదా స్కేలు, వంటింటి తూకం లేదా సామాను తూచే చిన్న కాటా
- వెర్నియర్ కాలిపర్ (ఉంటే పని తేలిక)
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క
- నాణ్యమైన అలెన్ కీలు, నీలిరంగు థ్రెడ్ లాకర్ (స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు)
- నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం
- ఒకే పిచ్‌లో (పళ్ల పరిమాణంలో), వరుసగా మూడు నాలుగు పళ్ల సంఖ్యలు గల పినియన్లు

చివరిదాన్ని ఖర్చు అనుకొని వదిలేయకండి. నాలుగు పినియన్ల ధర కాలిపోయిన ఒక మోటారు ధరలో చిన్న భాగం.

1. టైరును కొలవండి, బండిని తూచండి

టైరు మీద 2.8 అని రాసి ఉంటే అది రిమ్ము కొలత, టైరు వ్యాసం కాదు. ఈ ఒక్క పొరపాటుతో లెక్క మొత్తం తారుమారవుతుంది. 2.8 అంగుళాల రిమ్ముకు తొడిగే మాన్‌స్టర్ టైరు బయటి వ్యాసం సుమారు 125 నుంచి 130 మిల్లీమీటర్లు ఉంటుంది. టైరు పక్కన సుద్దతో గీత గీసి, బండిని నేల మీద ఒక పూర్తి చుట్టు తోసి, అది కదిలిన దూరాన్ని కొలవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే బండి బరువుకు టైరు ఎంత నొక్కుకుపోతుందో కూడా అందులోనే తేలిపోతుంది. మన ఉదాహరణలో వ్యాసం 128 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 402 మిల్లీమీటర్లు అనుకుందాం.

బరువును బ్యాటరీ, బాడీ పెట్టాకే తూచండి. రెండు చక్రాలతో నడిచే 1:10 ట్రక్కు సుమారు రెండు, రెండున్నర కిలోలు, నాలుగు చక్రాలతో నడిచే 1:8 ట్రక్కు సుమారు నాలుగున్నర నుంచి ఆరు కిలోలు తూగుతాయి. అల్యూమినియం భాగాలు, లోహపు బంపర్లు తగిలించి అరకిలో పెంచినవారు ఆ అరకిలోను ప్రతిసారీ కదిలించవలసింది మోటారేనని మరచిపోతారు.

2. గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి తెలుసుకోండి

బండితో వచ్చిన పుస్తకంలో ఇది ఉంటుంది. లేకపోతే పినియన్‌ను తీసివేసి, స్పర్ గేర్ మీద ఒక చుక్క పెట్టి, వెనుక చక్రాలు రెండింటినీ కలిపి సరిగ్గా పది చుట్లు తిప్పుతూ స్పర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, వచ్చినదాన్ని పదితో భాగించండి. రెండు చేతులూ చాలకపోతే ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకొని రెండోదాన్ని ఇరవై చుట్లు తిప్పినా డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల ఫలితం ఒకటే వస్తుంది. ఒక చక్రాన్ని పట్టుకొని రెండోదాన్ని పదిసార్లే తిప్పితే మాత్రం మీకు నిజమైన నిష్పత్తిలో సగమే కనిపిస్తుంది. నాలుగు చక్రాలతో నడిచే బండి అయితే ముందు ఇరుసు షాఫ్టును విడదీసి ఈ లెక్క చేయడం మేలు.

3. బ్యాటరీని నిర్ణయించుకోండి

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో సెల్ ఒక్కొక్కటి 3.7 వోల్టులు, నిండుగా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు. అంటే రెండు సెల్‌ల 2ఎస్ ప్యాకు 7.4, 3ఎస్ 11.1, 4ఎస్ 14.8, 6ఎస్ 22.2 వోల్టులు. మొదటిసారి కూర్చుకునేవారికి, 1:10 ట్రక్కుకు నా సలహా 2ఎస్. 3ఎస్ వేసుకోవాలనే ఉద్దేశం ముందే ఉంటే మోటారును దానికి తగినట్టుగానే కొనండి. 2ఎస్ కోసం కొన్న ఎక్కువ కేవీ (ఒక వోల్టుకు తిరిగే వేగం, తరువాతి మెట్టులో చెబుతాను) మోటారుకు తరువాత 3ఎస్ తగిలించడం వల్లనే చాలా మోటార్లు పాడవుతాయి.

ప్యాకు మీద రాసిన సీ రేటింగును (సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకెను) పూర్తిగా నమ్మకండి. 5000 ఎంఏహెచ్, 50సీ అని ఉంటే లెక్క ప్రకారం 250 ఆంపియర్లు ఇవ్వాలి, కానీ నేను అందులో సగమే నిజమని భావించి కొంటాను. బ్రష్‌లెస్ మోటారుకు (లోపల రాసుకునే బ్రష్‌లు లేనిదానికి) పాత తెల్ల టామియా బ్యాటరీ కనెక్టరు పనికిరాదు, కరిగిపోతుంది. ఎక్స్‌టీ60 లేదా అంతకన్నా పెద్దది అతికించుకోండి.

4. మోటారును ఎంచుకోండి

బ్రష్‌లెస్ మోటారు మీద ఉండే నాలుగు అంకెల సంఖ్యలో మొదటి రెండూ వ్యాసం, తరువాతి రెండూ పొడవు. 3652 అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసం, 52 మిల్లీమీటర్ల పొడవు. 1:10 ట్రక్కుకు 36 వరుసలోని మోటార్లు, 1:8 ట్రక్కుకు 4274 వంటి 42 వరుసలోనివి సరిపోతాయి. ఒకే కేవీ గల రెండు మోటార్లలో పొడవైనది బరువును తేలికగా లాగుతుంది, కానీ కొనేముందు మీ గేర్‌బాక్స్ పక్కన అంత చోటుందో లేదో కొలుచుకోండి.

కేవీ అంటే ఒక వోల్టుకు మోటారు, ఏ బరువూ లేనప్పుడు, నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. కరెంటు స్తంభాల దగ్గర బోర్డు మీద రాసే 11 కేవీకి దీనితో ఎలాంటి సంబంధమూ లేదు. కేవీ ఎక్కువైతే బలం ఎక్కువని కొత్తవారు అనుకుంటారు; ఎక్కువయ్యేది వేగం మాత్రమే, అది కూడా ఎక్కువ కరెంటు తాగి. పెద్ద టైర్లు గల బరువైన బండికి తక్కువ కేవీ, ఎక్కువ వోల్టులు అనే జోడీ చల్లగా నడుస్తుంది.

నేను పాటించే హద్దులు ఇవి. 1:10 ట్రక్కుకు 2ఎస్ మీద 3300 నుంచి 4000 కేవీ, 3ఎస్ మీద 2400 నుంచి 3300 కేవీ. 1:8 ట్రక్కుకు 4ఎస్ మీద 2000 నుంచి 2250 కేవీ, 6ఎస్ మీద 1600 నుంచి 1800 కేవీ. కొనేముందు కేవీని నిండు చార్జ్ వోల్టుతో గుణించండి. 50,000 దాటితే ఆ జోడీని వదిలేయండి. 3300 కేవీ మోటారుకు 3ఎస్ నిండు చార్జ్ మీద 41,580 చుట్లు వస్తాయి, ఫరవాలేదు. 5400 కేవీ మోటారుకు అదే ప్యాకు మీద 68,040 వస్తాయి, ఆ మోటారు ఎక్కువ రోజులు ఉండదు.

నాలుగు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) మోటారు రెండు పోల్‌ల దానికన్నా ట్రక్కుకు నప్పుతుంది. అడ్డంకుల మీదికి నెమ్మదిగా ఎక్కించే ఆట ఇష్టమైతే, ఇరుసు ఏ స్థితిలో ఉందో కనిపెట్టే సెన్సరు గల మోటారు తీసుకోండి, లేనిదైతే కదిలే క్షణంలో తడబడుతుంది. చదును నేల మీద పరుగులకూ గెంతులకూ సెన్సరు లేకపోయినా ఇబ్బంది లేదు.

పిల్లల కోసమో, తక్కువ ఖర్చుతోనో అయితే బ్రష్ మోటారు చాలు. అక్కడ కేవీ బదులు లోపలి తీగ ఎన్ని చుట్లు చుట్టారో ఆ సంఖ్య ఉంటుంది, అది తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది: 12 చుట్లది చురుకు, 27 చుట్లది నిదానం.

5. ఈఎస్‌సీ

మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె) ఒకే తయారీదారు జోడీగా అమ్మేవి తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. విడిగా కొంటే మూడు విషయాలు చూడండి: అది ఎన్ని సెల్‌లను తట్టుకుంటుంది, నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, లైపో కటాఫ్ (ప్యాకు వోల్టు మరీ పడిపోకముందే మోటారును ఆపే ఏర్పాటు) ఉందా. 1:10 ట్రక్కుకు 2ఎస్ మీద 60 ఆంపియర్లు కనీసం, 3ఎస్ అయితే 120 ఉంటే నిశ్చింత. కటాఫ్‌ను సెల్‌కు 3.2 నుంచి 3.4 వోల్టుల మధ్య పెట్టండి. దాన్ని తీసివేసి నడిపితే ఆరోజు రెండు నిమిషాలు ఎక్కువ ఆడతారు, ప్యాకు మాత్రం ఉబ్బుతుంది.

6. పినియన్‌ను లెక్కించండి

స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తితో గుణిస్తే తుది నిష్పత్తి వస్తుంది. 86 పళ్ల స్పర్, 19 పళ్ల పినియన్ అయితే 86 ÷ 19 = 4.53, దాన్ని 2.72తో గుణిస్తే 12.31. చక్రం ఒకసారి తిరగడానికి మోటారు 12.31 సార్లు తిరగాలన్నమాట.

ఇప్పుడు వేగం. 3300 కేవీని 7.4తో గుణిస్తే 24,420, దాన్ని 12.31తో భాగిస్తే చక్రం నిమిషానికి 1,984 చుట్లు, 0.402 మీటర్లతో గుణించి గంటకు లెక్క కడితే సుమారు 48 కిలోమీటర్లు. నేల మీద ఇందులో 80 నుంచి 85 శాతం వస్తే సంతోషించండి. మాన్‌స్టర్ ట్రక్కుకు ఇది చాలు. అంతకన్నా వేగంలో పెద్ద టైర్లు గుమ్మడికాయల్లా ఉబ్బి, బండి దిశ తప్పుతుంది.

అదే మోటారును, అదే పినియన్‌ను 3ఎస్ మీద నడిపితే లెక్క సుమారు 72 కిలోమీటర్లకు చేరుతుంది. అందుకని 3ఎస్ వేసేరోజు పినియన్‌ను 15 పళ్లకు తగ్గించాలి. అప్పుడు తుది నిష్పత్తి 15.59, వేగం సుమారు 57 కిలోమీటర్లు. రెండు ప్యాకులూ మార్చి మార్చి వాడేవారు 3ఎస్‌కు సరిపోయే పినియన్‌నే ఉంచుకోవాలి. 2ఎస్ మీద కొంచెం నిదానంగా పోతుందంతే, కాలదు.

టైరు మార్చినవారు ఈ భాగం తప్పక చదవాలి. చుట్టుకొలతను తుది నిష్పత్తితో భాగిస్తే మోటారు ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది: 402 ÷ 12.31 = 32.7 మిల్లీమీటర్లు. మోటారు మోసే భారాన్ని దాదాపుగా చెప్పే అంకె ఇదే. 150 మిల్లీమీటర్ల టైర్లు తొడిగితే చుట్టుకొలత 471 అవుతుంది, పినియన్ మార్చకపోతే అంకె 38 దాటుతుంది. పాత 32.7 దగ్గరకు తేవాలంటే 16 పళ్లు కావాలి, అంటే మూడు పళ్లు తగ్గించాలి. "టైర్లే కదా మార్చాను, మోటారెందుకు కాలింది?" అన్న ప్రశ్నకు జవాబు ఆ మూడు పళ్లలోనే ఉంది.

మరొక సంగతి: ఒక పన్ను మార్పు అన్నిచోట్లా సమానం కాదు. 19 నుంచి 20కి పోతే ఐదు శాతం తేడా, 11 నుంచి 12కి పోతే తొమ్మిది శాతం. చిన్న పినియన్లతో పనిచేసే 1:8 ట్రక్కుల్లో ఒక్కొక్క పన్నే మార్చండి.

మొదటి పరుగుకు లెక్కలో వచ్చినదానికన్నా రెండు పళ్లు తక్కువ గల పినియన్ బిగించండి. తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే మోటారు క్షేమం.

7. పిచ్ సరిచూసి, బిగించండి

పినియన్, స్పర్ ఒకే పిచ్‌లో ఉండాలి. పళ్ల పరిమాణాన్ని కొన్ని గేర్లకు పిచ్‌లో, కొన్నింటికి మాడ్యూల్‌లో చెబుతారు. 48 పిచ్, 0.6 మాడ్యూల్ చూపుకు ఒకేలా ఉంటాయి కానీ కలవవు. కలిపితే రెండు నిమిషాల్లో స్పర్ పళ్లు పొడి అవుతాయి. 32 పిచ్, 0.8 మాడ్యూల్ మాత్రం దాదాపు సమానం కాబట్టి కలిసి నడుస్తాయి. 1:8 ట్రక్కుల్లో ఎక్కువగా ఉండేది 1 మాడ్యూల్. మీ దగ్గరున్న గేర్ ఏదో తెలియకపోతే దాని బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పళ్ల సంఖ్యకు రెండు కలిపి, దానితో భాగించండి. 86 పళ్ల స్పర్ 46.6 మిల్లీమీటర్లుంటే 46.6 ÷ 88 = 0.53, అది 48 పిచ్. జవాబు 0.8 దగ్గర వస్తే 32 పిచ్ లేదా 0.8 మాడ్యూల్.

3ఎస్ మీద సన్నపళ్ల 48 పిచ్ ప్లాస్టిక్ స్పర్ తరచుగా పళ్లు రాల్చుకుంటుంది. మీ గేర్‌బాక్స్‌కు 32 పిచ్ స్పర్ దొరికితే దానికి మారండి. 54 పళ్ల స్పర్, 12 పళ్ల పినియన్ జోడీ 86, 19 జోడీకి దాదాపు సమానం. స్పర్‌ను కూడా ఉక్కుది వేయాలని తొందరపడకండి. ఎక్కడో ఒకచోట విరగాలి కదా, చవకైన స్పర్ విరగడమే నయం; లేకపోతే ఆ దెబ్బ డిఫరెన్షియల్‌కు తగులుతుంది.

పినియన్ రంధ్రం కూడా చూసుకోండి. 540 పరిమాణం (36 వరుస) మోటార్ల ఇరుసు సాధారణంగా 3.17 మిల్లీమీటర్లు, పెద్దవాటిది 5 మిల్లీమీటర్లు. పినియన్‌లోని చిన్న స్క్రూ ఇరుసు మీద చదునుగా చెక్కిన భాగం పైనే కూర్చోవాలి, గుండ్రని వైపు కాదు. స్క్రూకు ఒక్క చుక్క థ్రెడ్ లాకర్ చాలు. అది ప్లాస్టిక్ భాగాల మీద పడితే వాటిని పగలగొడుతుంది కాబట్టి పినియన్‌ను బయట సిద్ధం చేసుకొని బిగించండి.

హెచ్చరిక: మోటారును పట్టి ఉంచే ఎం3 స్క్రూలు మరీ పొడవైతే లోపలి తీగచుట్టకు తగిలి షార్ట్ అవుతుంది. మోటారుతో వచ్చిన స్క్రూలే వాడండి, లేదా లోపలికి ఎంత దిగుతుందో ముందు చేత్తో తిప్పి చూడండి.

ఇక మెష్, అంటే రెండు గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి కలిసే తీరు. పినియన్, స్పర్ మధ్య కాగితపు ముక్క పెట్టి, మోటారును స్పర్ వైపు నొక్కి, స్క్రూలు బిగించి, కాగితాన్ని గేర్లు తిప్పుతూ బయటికి తీయండి. కాగితం మీద మడతలు స్పష్టంగా పడి, చిరగకుండా ఉంటే మెష్ సరిగ్గా ఉన్నట్టు. చిరిగితే బిగుతు, మడతలు పడకపోతే వదులు. ఇంతటితో ఆగకండి: ప్లాస్టిక్ స్పర్‌లు చాలావరకు సంపూర్ణమైన గుండ్రంగా ఉండవు కాబట్టి స్పర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగుచోట్ల వేలితో కదిపి చూడండి. అతి బిగుతైన చోట కూడా వెంట్రుకవాసి సందు మిగలాలి. బిగుతు మెష్ గీమని అరుస్తుంది, మోటారును వేడెక్కిస్తుంది. వదులు మెష్ కటకటమంటుంది, పళ్లను తింటుంది.

స్లిప్పర్ క్లచ్ (ఒక్కసారిగా బలం పడితే జారి గేర్లను కాపాడే భాగం) ఉంటే దాన్ని పూర్తిగా బిగించి వదిలేయకండి. ఒక్కసారిగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు బండి కదిలే మొదటి అడుగు దూరంలో క్లచ్ కొద్దిగా జారుతున్న శబ్దం వినిపించాలి. అంతకన్నా ఎక్కువసేపు జారితే స్పర్ కరుగుతుంది.

8. వేడిని కొలవండి

మోటారు వెనుకవైపు, డబ్బా మీద నల్ల టేపు ముక్క అంటించండి. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. టేపు లేకుండా కొలిచి "అరవైయే ఉంది" అని ధీమాగా ఉన్నవారిని చూశాను, మొదటి మోటారు విషయంలో వారిలో నేనూ ఒకణ్ణి. ఏప్రిల్ మధ్యాహ్నం, గడ్డి మైదానం, సరిచూడని రెండు అదనపు పళ్లు. పొగ వచ్చాక మాత్రమే నాకు థర్మామీటరు మీద అనుమానం కలిగింది.

మీరు రోజూ నడిపే నేల మీదే, రోజూ నడిపే తీరులోనే రెండు నిమిషాలు నడిపి ఆపి కొలవండి. తరువాత ఐదు, ఆ తరువాత పది నిమిషాలకు కొలవండి. 70 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే ఒక పన్ను పెంచి మళ్లీ చూడవచ్చు. 70, 80 మధ్య ఉంటే అదే మీ పినియన్. 80 దాటితే ఒక పన్ను తగ్గించండి. 100 దగ్గరకు పోతే ఆరోజుకు ఆపేయండి, ఎందుకంటే వేడికి అయస్కాంతాలు బలం కోల్పోతే చల్లారాక కూడా అది తిరిగి రాదు. లైపో ప్యాకు 60 డిగ్రీలు దాటకూడదు.

బయటి ఎండను లెక్కలో కలపండి. డిసెంబరు ఉదయం 25 డిగ్రీలున్నప్పుడు మోటారు 80 చూపిందంటే అది 55 డిగ్రీలు వేడెక్కింది. అదే అమరిక మే నెలలో విజయవాడలోనో హైదరాబాదులోనో 42 డిగ్రీల ఎండలో 97కు చేరుతుంది. వేసవికి ఒకటి రెండు పళ్లు తక్కువ గల పినియన్ వేసుకోండి, లేదా ఎండ దిగాక నడపండి. మోటారుకు ఫ్యాను పెట్టడం మంచిదే, కానీ అది ఎక్కువ పళ్ల తప్పును దాచిపెట్టే సాధనం కాకూడదు.

వేడి ఎక్కడుందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మోటారు, ఈఎస్‌సీ రెండూ కాలుతుంటే పళ్లు ఎక్కువ. మోటారు ఒక్కటే కాలుతుంటే ముందు మెష్ బిగుతును, బేరింగులను చూడండి. బండిని ఎత్తి చక్రాలను చేత్తో తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందేమో గమనించండి. మోటారు కీచుమంటూ అరుస్తూ, బండి మాత్రం నెమ్మదిగా పోతూ, అయినా వేడెక్కుతుంటే పళ్లు మరీ తక్కువై ఉండవచ్చు. ఇది అరుదు, కానీ 6ఎస్ బండ్లలో జరుగుతుంది. మోటారు చల్లగా ఉండి ప్యాకు వేడెక్కి ఉబ్బుతుంటే ఆ ప్యాకుకు అంత కరెంటు ఇచ్చే శక్తి లేదు. పొడవైన గడ్డిలో నడిపితే సరైన గేర్లు కూడా వేడెక్కుతాయి. అక్కడ రెండు పళ్లు తగ్గించడం తప్ప మార్గం లేదు.

బండి థ్రాటిల్ ఇవ్వగానే వెల్లకిలా పడుతోందని పినియన్ మార్చేవారున్నారు. పళ్లు తగ్గిస్తే చక్రాల దగ్గర బలం పెరిగి ఇంకా తొందరగా పడుతుంది. ఈఎస్‌సీలో పంచ్‌ను (మొదటి ఊపు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించే అమరికను) ఒకటి రెండు మెట్లు తగ్గించండి, లేదా బ్యాటరీని కాస్త ముందుకు జరపండి.

మొదటి ప్యాకు అయిపోయాక మోటారు చల్లారనిచ్చి, దాని స్క్రూలను, పినియన్ స్క్రూను, కాగితంతో మెష్‌ను మరొకసారి చూడండి. కొత్తగా బిగించినవి మొదటి పరుగులోనే కొద్దిగా సర్దుకుంటాయి. టైరు, బ్యాటరీ, పినియన్, బయటి ఎండ, పది నిమిషాల వేడి, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి బండి పెట్టెలో ఉంచుకోండి.